పీహెచ్‌డీ భారం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ తగ్గుతుంది

క్లుప్తంగా: పీహెచ్‌డీ స్కాలర్లు పడే టెన్షన్‌ను చాలామంది వాళ్ల మనోబలానికి సంబంధించిన విషయంగా చూస్తారు. నిజానికి అందులో ఎక్కువ భాగం ఈ చదువు నడిచే తీరులోనే పుడుతుంది. ఏళ్ల తరబడి పరీక్షలు ఉండవు. అన్ని సంతకాలూ ఒకే గైడ్ చేతిలో ఉంటాయి. ఫెలోషిప్ ఎప్పుడొస్తుందో తెలియదు, చివర్లో ఉద్యోగం ఉందో లేదో తెలియదు. బాధ ఎక్కడి నుంచి వస్తోందో గుర్తిస్తే, దానికి సరిపడే జాగ్రత్త ఏమిటో కూడా తెలుస్తుంది. కొన్ని జాగ్రత్తలు నిబంధనల్లోనే ఉన్నా వాడుకునేవాళ్లు తక్కువ.

ఉన్నత విద్యపై కేంద్రం ఏటా జరిపే సర్వే ప్రకారం దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు 2014-15లో 1.17 లక్షల మంది. 2021-22 నాటికి వాళ్ల సంఖ్య 2.12 లక్షలకు చేరింది. మహిళలు 48 వేల నుంచి 99 వేలకు పెరిగారు. సంఖ్య పెరుగుతున్న కాలంలోనే నిబంధనలూ వరసగా మారాయి. 2022 నవంబర్‌లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చింది. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అని ముందు చెప్పి, గడువు పొడిగించి, 2023 జులైలో ఆ షరతునే తీసేసింది. 2024 జూన్ నుంచి జాతీయ అర్హత పరీక్ష నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు జరుపుకోవచ్చని ప్రకటించింది. ఆ జూన్ 18న జరిగిన నెట్ పరీక్ష మర్నాడే రద్దయింది. చేరాలనుకునేవాళ్లకు, చేరినవాళ్లకు కూడా ఇంత తికమక ఈ మధ్య ఎప్పుడూ లేదు.

పరీక్ష లేని చదువు

తెలుగు రాష్ట్రాల్లో పిల్లల చదువు పరీక్షల చుట్టూ తిరుగుతుంది. ఇంటర్‌లో వారం వారం టెస్టు, ర్యాంకు, తర్వాత ఎంట్రన్స్. డిగ్రీలో, పీజీలో సెమిస్టర్లు. ఎంత చదివారో, ఎక్కడ నిలబడ్డారో ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. పీహెచ్‌డీలో మొదట కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, అంటే తరగతి చదువు, ఉంటుంది. అది అయిపోయిన రోజు నుంచి ఆ చెప్పేవాళ్లు ఉండరు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అన్న గడువు మాత్రమే మిగులుతుంది. ఆరేళ్ల దూరంలో ఉన్న గడువు ఇవాళ పొద్దున బల్ల ముందు కూర్చోబెట్టలేదు.

పైగా పరిశోధనలో చేసిన పని కంటికి కనబడదు. పొలం దున్నినవాడికి సాయంత్రానికి దున్నిన మేర కనిపిస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నెల రోజులు ఫైళ్లు తిరగేసిన స్కాలర్‌కు కావలసిన కాగితం ఒక్కటీ దొరక్కపోవచ్చు. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల కట్టలు విప్పితే కావలసిన సంచిక అందులో లేకపోవచ్చు. ల్యాబ్‌లో ఆరు నెలల ప్రయోగం ఫలితం ఇవ్వకుండా ముగియవచ్చు. దొరకలేదన్నది కూడా పరిశోధనలో భాగమే. కానీ దానికి మార్కులు ఉండవు, చెప్పుకోవడానికీ ఏమీ మిగలదు. ర్యాంకులతో పెరిగిన మనిషికి ఇది తన వైఫల్యంలా తోస్తుంది.

ఇక్కడి నుంచి ఒక చక్రం మొదలవుతుంది. చూపించడానికి ఏమీ లేదని స్కాలర్ గైడ్‌ను కలవడం వాయిదా వేస్తారు. వాయిదా పడేకొద్దీ ఎక్కువ చూపించాలనే భయం పెరుగుతుంది. చివరికి డిపార్ట్‌మెంట్‌లో గైడ్ గది ముందు నుంచి కాకుండా వెనక మెట్ల మీదుగా వెళ్లే దాకా వస్తుంది. బద్ధకం వల్ల కలవడం లేదని గైడ్ అనుకుంటారు. సిగ్గు వల్ల కలవలేకపోతున్నారని ఆయనకు తెలియదు. రెండో ఏడు, మూడో ఏడు చాలామందికి బాగా బరువుగా గడవడానికి ఇదే ప్రధాన కారణం. చేరినప్పటి ఉత్సాహం అప్పటికి అయిపోయి ఉంటుంది, ముగింపు ఇంకా కనబడదు.

ఈ చక్రాన్ని తెంచే ఏర్పాటు నిబంధనల్లో ఒకటుంది. 2022 నిబంధనల ప్రకారం ప్రతి స్కాలర్‌కూ ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉండాలి. సెమిస్టర్‌కు ఒకసారి దాని ముందు స్కాలర్ పని వివరించి చిన్న నివేదిక ఇవ్వాలి. పని సంతృప్తికరంగా లేకపోతే కమిటీ కారణాలు రాసి, ఏం సరిదిద్దుకోవాలో చెప్పాలి. చాలా చోట్ల ఇది సంతకాల తంతుగా మారిపోయింది. దీన్ని నిజమైన పరీక్షలా తీసుకున్న స్కాలర్లకు మాత్రం పోయిన లయ కొంత తిరిగి వస్తుంది. ఆరు నెలలకు ఒక తేదీ, ఆ తేదీకి చూపించాల్సిన ఒక ముక్క.

ఆరు నెలలు కూడా ఎక్కువే. పదిహేను రోజులకోసారి గైడ్‌కు రెండు పేజీలు పంపడం, బాగున్నా బాగోకపోయినా పంపడం అనే ఒప్పందం మొదట్లోనే కుదుర్చుకుంటే భయం పేరుకుపోదు. రాతలో తప్పులుండవచ్చు. ఖాళీగా కలవడం కంటే తప్పులున్న రెండు పేజీలతో కలవడం ఇద్దరికీ తేలిక.

ఒక్క తలుపు

హాజరు, ప్రోగ్రెస్ రిపోర్టు, ఫీల్డ్‌వర్క్ అనుమతి, సెలవు, ఫెలోషిప్ కాగితాలు, థీసిస్ సబ్మిషన్. అన్నిటికీ గైడ్ సంతకం కావాలి. ఉద్యోగానికి సిఫార్సు లేఖ కూడా ఆయనే ఇవ్వాలి. ఏ ఇతర చదువులోనూ ఒక విద్యార్థి భవిష్యత్తు ఇంతగా ఒకే మనిషి మీద ఆధారపడదు. గైడ్ మంచివారైతే అదొక వరం. కాకపోతే తలుపు మూసుకుపోయినట్టే.

మంచి గైడ్‌కూ సమయం చాలదు. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శనం చేయకూడదని నిబంధన. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్లుగా పోస్టులు నిండకపోవడంతో ఉన్న కొద్దిమంది మీద క్లాసులు, పరీక్షల పని, పాలనా బాధ్యతలు పడుతున్నాయి. స్కాలర్ పంపిన అధ్యాయం మూడు నెలలు మెయిల్‌లోనే ఉండిపోతే, పట్టించుకోకపోవడం ఒక్కటే దానికి కారణం కాకపోవచ్చు. కారణం ఏదైనా ఎదురుచూసే మనిషి మీద పడే ప్రభావం మాత్రం ఒకటే.

పదవీ విరమణ మరో చిక్కు. మూడేళ్ల లోపు సర్వీసు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. రిటైరయ్యాక 70 ఏళ్లు వచ్చే వరకు కో-సూపర్‌వైజర్‌గా (సహ మార్గదర్శిగా) కొనసాగవచ్చు. చేరే ముందే గైడ్‌కు ఎంత సర్వీసు ఉందో కనుక్కోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ఆయన దగ్గర ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లను, ముఖ్యంగా సబ్మిట్ చేసి వెళ్లిపోయినవాళ్లను కలిసి మాట్లాడితే ఏ బ్రోషర్‌లోనూ దొరకని సమాచారం దొరుకుతుంది. పేజీలు చదువుతారా, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, సగటున ఎన్నేళ్లు పట్టింది అని అడిగితే చాలు.

గైడ్ ఇంటి పనులు చేయించడం, పేపర్లలో తన పేరు ముందు వేయించుకోవడం, అమ్మాయిలతో అనుచితంగా ప్రవర్తించడం. ఇవి కొత్త ఫిర్యాదులు కావు. లైంగిక వేధింపులకు ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ చట్టప్రకారం ఉండాలి. మిగతా సమస్యలకు 2023 ఏప్రిల్‌లో వచ్చిన యూజీసీ నిబంధనలు ఒక దారి చూపుతాయి. విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదులపై అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేయవచ్చు, అక్కడ 30 రోజుల్లో తేల్చాలి. ఈ దారిలో వెళ్లేవాళ్లు తక్కువే. సంతకం పెట్టాల్సిన మనిషి మీదే ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఫిర్యాదు దాకా వెళ్లకముందు ఒక చిన్న అలవాటు ఎక్కువ రక్షణ ఇస్తుంది. ప్రతి మీటింగ్ తర్వాత, "ఇవాళ ఇవి మాట్లాడుకున్నాం సార్, వచ్చే నెల పదో తేదీకి ఇది ఇస్తాను" అని మర్యాదగా ఒక మెయిల్ పంపడం. మాట మారినప్పుడు ఆ మెయిల్ సాక్ష్యం. మాట మారకపోతే పనికి అదే గడువు.

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు విద్యార్థులకు ఈ ఆధారపడటం మరో రూపంలో ఎదురవుతుంది. ప్రొఫెసర్ గ్రాంట్ నుంచి జీతం వస్తుంటే, గ్రాంట్ ఆగినా సంబంధం చెడినా చదువుతో పాటు ఎఫ్-1 విద్యార్థి వీసా హోదా కూడా ప్రమాదంలో పడుతుంది. దేశంలో ఉండాలంటే చదువులో ఉండాలి. అందుకని భరించలేని ల్యాబ్‌లోనూ ఉండిపోయేవాళ్లున్నారు.

ఒకే వరండా, రెండు లెక్కలు

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (నెట్‌లో ఎంపికైనవాళ్లకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత వచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. రెండేళ్లు అది, మూడేళ్లు ఇది లెక్క వేస్తే ఐదేళ్లకు ఇంటి అద్దె భత్యం కాకుండా 24 లక్షలు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ లేకుండా చేరినవాళ్లకు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. ఐదేళ్లూ అందిందనుకున్నా 4.8 లక్షలు. 2015 అక్టోబర్‌లో యూజీసీ దాన్ని కూడా ఆపేస్తామన్నప్పుడు ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందే బైఠాయించారు. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామందికి ఈ 8,000 కూడా లేదు. ఒకే హాస్టల్ వరండాలో పక్కపక్క గదుల్లో ఉండి, ఒకే స్థాయి పరిశోధన చేస్తున్నవాళ్ల మధ్య ఉన్న తేడా ఇది.

ఫెలోషిప్ ఉన్నవాళ్లకు మరో బాధ ఆలస్యం. నెల నెలా సంస్థ వైపు నుంచి పోర్టల్‌లో ధ్రువీకరణ జరగాలి. ఒక మనిషి నమోదు చేస్తే మరో మనిషి ఆమోదించాలి. సెక్షన్‌లో ఒకరు బదిలీ అయినా, జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మార్చే కాగితం ఆగినా నెలల తరబడి డబ్బు రాదు. మెస్ బిల్లు మాత్రం ఆగదు. ఇంటికి డబ్బు పంపాల్సిన స్కాలర్‌కు ఇది చదువు సమస్యగా కాక కుటుంబ సమస్యగా మారుతుంది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత దేశమంతా కుల వివక్ష గురించి మాట్లాడింది. ఆయన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్, 1.75 లక్షల రూపాయలు, తనకు రావాల్సి ఉందన్న మాట కూడా ఉంది. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల స్కాలర్లకు ఆగిన డబ్బు, క్యాంపస్‌లో ఎదురయ్యే చిన్నచూపు విడివిడిగా రావు. రెండూ కలిసే వస్తాయి.

చేతిలో ఉన్నంతలో చేయగలిగింది కొంత ఉంది. నెల మొదటి వారంలోనే హాజరు కాగితం సెక్షన్‌కు చేర్చి, అందినట్టు గుర్తు తీసుకోవాలి. రెండేళ్లు పూర్తయ్యే మూడు నెలల ముందే ఎస్‌ఆర్‌ఎఫ్ అసెస్‌మెంట్ తేదీ అడగాలి. బకాయి డబ్బు ఒకేసారి వచ్చినప్పుడు మూడు నెలల ఖర్చు పక్కన పెట్టాలి. ఆలస్యం అనే జబ్బును ఇవి నయం చేయవు, అది పాలనా వ్యవస్థ సరిచేయాల్సిన విషయం.

జీతం బాగున్నా ఎందుకు బాధ?

నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎక్కువమంది యూనివర్సిటీ ఉద్యోగులు. సాధారణంగా నాలుగేళ్ల కాంట్రాక్టు, జీతం, సెలవులు ఉంటాయి. పక్కనే బెల్జియంలోని ఫ్లాండర్స్‌లోనూ స్కాలర్లకు ఆదాయం బాగానే ఉంటుంది. అయినా అక్కడ 3,659 మంది స్కాలర్లపై చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 32 శాతం మందికి మానసిక సమస్య వచ్చే ముప్పు ఉందని తేలింది. మరుసటి ఏడు 26 దేశాల్లో 2,279 మందిపై వచ్చిన మరో సర్వేలో 41 శాతం మందిలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఆందోళన, 39 శాతం మందిలో అదే స్థాయి కుంగుబాటు కనిపించాయి. రెండో సర్వేలో తమంతట తాము ముందుకొచ్చినవాళ్లే జవాబులిచ్చారు. బాధలో ఉన్నవాళ్లే ఎక్కువగా స్పందించి ఉండవచ్చు కాబట్టి ఆ శాతాలను మొత్తం స్కాలర్లకు అంటగట్టడం సరికాదు.

ఫ్లాండర్స్ అధ్యయనంలో శాతాల కంటే విలువైనది వేరే ఉంది. ఇంటి బాధ్యతలకూ పరిశోధనకూ మధ్య లాగులాట, పని భారం, తన పని మీద తనకున్న అదుపు, గైడ్ నడిపించే తీరు, బృందంలో నిర్ణయాలు జరిగే పద్ధతి. వీటితో మానసిక స్థితికి సంబంధం కనిపించింది. యూనివర్సిటీ బయట కూడా తనకు మంచి బతుకు ఉందని నమ్మేవాళ్ల స్థితి మెరుగ్గా ఉంది. అంటే డబ్బు అవసరమే గానీ, డబ్బుతోనే పోయే బాధ కాదు ఇది.

మన దగ్గర ఇంటి లాగులాట మరీ ఎక్కువ. పండక్కి ఊరెళితే "ఇంకా అవ్వలేదా?" అన్న ప్రశ్న తప్పదు. తనతో ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఇల్లు కట్టుకుంటుంటే, ముప్పై ఏళ్లు వచ్చినా ఇంకా చదువుతున్నానని చెప్పడం కష్టం. అమ్మాయిలకు పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం సరిగ్గా ఈ ఏళ్లలోనే వస్తాయి. నిబంధనలు కొంత వెసులుబాటు ఇచ్చాయి. ప్రసూతి, పిల్లల సంరక్షణకు మొత్తం 240 రోజుల సెలవు ఉంది. ఆరేళ్ల తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌తో అందరికీ వచ్చే రెండేళ్ల పైన మహిళలకు మరో రెండేళ్లు అదనంగా ఇచ్చారు, అంటే గరిష్ఠంగా పదేళ్లు. పెళ్లి వల్లో మరే కారణం వల్లో వేరే ఊరికి వెళితే పరిశోధనను అక్కడి సంస్థకు మార్చుకునే వీలుంది. ఇవి ఉన్నాయని తెలియకే మానేసినవాళ్లు ఉన్నారు. అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇది.

మామూలు ఒత్తిడికీ జబ్బుకూ తేడా గుర్తించాలి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం, బతకాలని లేదనిపించడం లాంటివి ఉంటే అది టైమ్ టేబుల్‌తో సర్దుకునేది కాదు. వైద్య సాయం కావాలి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రోజంతా, ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది.

రాత దగ్గర ఆగిపోయేవాళ్లు

సమాచారం పోగయ్యాక కూడా రాయలేక ఆగిపోవడం ప్రధానంగా ఒక అపోహ వల్ల జరుగుతుంది. మొత్తం చదివాక రాయాలి అనేది ఆ అపోహ. చదవడం ఎప్పటికీ పూర్తికాదు. మొదటి ఏడాది నుంచే చదివిన ప్రతి పుస్తకం మీద అర పేజీ, పేజీ నంబర్లతో సహా రాసిపెట్టుకుంటే, నాలుగో ఏట తెల్ల కాగితం ముందు కూర్చోవాల్సిన అవసరం రాదు. జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆధారాలు దాచుకుంటే చివరి నెలలో గ్రంథసూచి కోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకు మరో ఇబ్బంది ఉంది. చేత్తో రాసి డీటీపీ సెంటర్‌కు ఇవ్వడం, వాళ్లు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టడం, ప్రూఫులు మూడుసార్లు దిద్దడం ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఫైలులో వెతకడం కష్టం, ఆన్‌లైన్‌లో పెట్టాక ఎవరికీ దొరకదు, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి. మొదటి రోజు నుంచి యూనికోడ్‌లో సొంతంగా టైప్ చేసుకోవడం నేర్చుకుంటే నెలలు కలిసొస్తాయి, డబ్బూ మిగులుతుంది.

కాపీ భయం కూడా ఉన్నదానికంటే పెద్దగా ప్రచారంలో ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే గడువులోగా సవరించి ఇవ్వమంటారు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపిన ఉటంకింపులు ఈ లెక్కలోకి రావు. అలాగే, సబ్మిషన్‌కు ముందు పేపరు ప్రచురించి తీరాలన్న దేశవ్యాప్త షరతును 2022 నిబంధనల్లో తీసేశారు. కొన్ని యూనివర్సిటీలు తమ నియమంగా ఇంకా అడుగుతున్నాయి కాబట్టి సొంత సంస్థ నియమావళి చూసుకోవాలి. షరతు ఉన్నా లేకపోయినా, డబ్బు తీసుకుని వారంలో అచ్చేస్తామనే పత్రికకు పేపరు ఇవ్వకూడదు. ఇంటర్వ్యూ బోర్డులో అది మేలు కంటే కీడే చేస్తుంది.

మానేయడం, ముగించడం

పీహెచ్‌డీ మధ్యలో వదిలేస్తే ఓడిపోయినట్టు చూసే అలవాటు మనది. అంశం మీద ఆసక్తి పోయి, ఆరోగ్యం దెబ్బతిని, బయట ఉద్యోగం చేతిలో ఉన్నప్పుడు వదిలేయడం లెక్క తెలిసిన నిర్ణయం. గైడ్ మీద కోపంతోనో ఒక చెడ్డ సెమిస్టర్ తర్వాతో వదిలేయడం వేరు. అలాంటప్పుడు గైడ్ మార్పు, అంశం కుదింపు, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌కు మారడం వంటివి సాధ్యమవుతాయేమో ముందు అడిగి చూడాలి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం ఉంటే నిబంధనలు ఒప్పుకుంటాయి.

సబ్మిట్ చేశాక బరువు దిగిపోతుందని అందరూ అనుకుంటారు. అప్పటికి ఫెలోషిప్ ముగిసిపోయి ఉంటుంది. హాస్టల్ ఖాళీ చేయమంటారు. థీసిస్ కనీసం ఇద్దరు బయటి పరీక్షకుల దగ్గరకు వెళుతుంది, నివేదికలు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పరు. "డాక్టర్" అని రాసుకునే వీలుండదు, ఉద్యోగ ప్రకటనలు వెళ్లిపోతుంటాయి. ఐదేళ్లు నిలబడ్డవాళ్లు కూడా ఈ కొద్ది నెలల్లో కుంగిపోవడం అందుకే. సబ్మిషన్ నుంచి వైవా (మౌఖిక పరీక్ష) ఫలితం వరకు మొత్తం ఆరు నెలల్లో ముగించాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఆరు నెలలు థీసిస్ అందిన తేదీ నుంచే లెక్క. అందుకని సబ్మిట్ చేసిన రోజే తేదీ, ముద్ర వేసిన రశీదు తీసుకోవాలి. నాలుగో నెలలో పరీక్షల విభాగానికి దాని నకలు జతచేసి ఒక ఉత్తరం రాయాలి. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీ పనో, అనువాదమో, ప్రాజెక్టు అసిస్టెంట్ ఉద్యోగమో చూసుకోవడం మంచిది. వైవా తేదీ తెలిసిన రోజున ఆ పని ఇచ్చినవాళ్లను సెలవు అడగడం పెద్ద కష్టమేమీ కాదు.